అంగ్‌కోర్ వాట్ యాత్రకు పూర్వరంగము

విదేశములలోని ప్రసిద్ధ కట్టడములను చూచివచ్చిన వారిని "ఏమి చూచితిరి?" అని అడిగినచో, పెక్కుమంది "చాల పెద్దది, చాల బాగున్నది" అని మాత్రమే చెప్పగలుగుదురు. వారికి కన్నులు లేక కాదు. చాల ధనము వెచ్చించి, సముద్రములు దాటిపోయి, ఎండలో కాళ్లు నొచ్చునట్లు తిరిగి, తీరా చూడవలసిన గోడకు వీపు పెట్టి ఛాయాచిత్రము తీయించుకొని వత్తురు. బయలుదేరుటకు ముందే ఇంటిలో కూర్చుండి కొన్ని సంగతులు తెలిసికొన్నచో ఈ నష్టము చాలవరకు తప్పును. అట్టి సన్నాహము ఎట్లుండవలెనో ఒక స్థలమును ఉదాహరణముగా తీసికొని విచారింతము.

ఆ స్థలము కంబోడియా దేశమునందలి అంగ్‌కోర్ వాట్ దేవాలయము. పోవువారు ఒక తెలుగు కుటుంబమని ఊహింతము. తల్లిదండ్రులు, అరువదియెనిమిదేండ్ల నాయనమ్మ, ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక, ఎనిమిదేండ్ల తమ్ముడు. వారు విజయవాడవారైనను వరంగల్లువారైనను మనకు ఒక్కటియే.

రాత్రి భోజనములైన పిదప తండ్రి యాత్రాప్రస్తావన తెచ్చెను. రెండు దినములలో పది ఆలయములు చూచి రావచ్చునని ఆయన లెక్క. అంతట నాయనమ్మ, "నాకు మెట్లు పడవు నాయనా. మీరు పిల్లలను తీసికొని వెళ్లి రండి. నేను ఇల్లు కనిపెట్టుకొని ఉందును" అనెను. ఇట్టి మాట చాల ఇండ్లలో వినవచ్చును. విన్నవారు "సరే" అని ఊరకుందురు. కాని ఈ ఆలయము విషయమున ఆ "సరే" అనుట ఎంత పొరపాటో తెలియవలెనన్న, ముందు ఆలయము సంగతి తెలియవలెను.

అంగ్‌కోర్ అను మాట మన "నగర" శబ్దము నుండి పుట్టినది. వాట్ అనగా ఆ దేశభాషయైన ఖ్మేరులో గుడి. ఖ్మేరు లిపి కూడ దక్షిణ భారతమునందలి పల్లవుల లిపి నుండి పెరిగినదే. ఈ గుడిని కట్టించినవాడు 1113లో రాజ్యమునకు వచ్చిన రెండవ సూర్యవర్మ. 12వ శతాబ్ది పూర్వార్ధమున దీనిని విష్ణువునకై నిర్మించిరి. సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న కులేన్ కొండల నుండి ఇసుకరాయి తెచ్చి, రాతిపై రాయి పేర్చి కట్టిరి. నడిమి గోపురము నేల నుండి 65 మీటర్ల ఎత్తున్నది. తరువాతి కాలమున ఇది బౌద్ధాలయమైనది. నేటికిని బౌద్ధభిక్షువులు అచ్చట కనబడుదురు. ఆ దేశపు జెండాపై నున్న బొమ్మయు ఈ గుడిదే.

గుడి చుట్టును 190 మీటర్ల వెడల్పు గల అగడ్త కలదు. అది శోభకొరకు మాత్రమే కాదు. ఆలయము ఇసుక పొరలపై నిలిచియున్నది. ఆ ఇసుకలో నీరు ఉన్నంతకాలము అది గట్టిగా నుండి బరువు మోయును; నీరు ఇంకిపోయిన ఇసుక క్రుంగును. సముద్రపుటొడ్డున తడియిసుకతో ఇల్లు కట్టిన పిల్లలందరకు ఇది తెలిసిన రహస్యమే. కావుననే యాత్రికుల వసతిగృహములు భూగర్భజలమును మితిమీరి తోడుట ఈ గుడికి హానికరమని ఇంజనీర్లు భయపడుచున్నారు. మన కుటుంబము వసతిలో కొళాయి కట్టుట మరచినను, ఆ నీరు గుడి క్రింది నీరే యని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక అసలు సంగతి. ఈ గుడి చుట్టుమండపపు గోడలమీద ఉబ్బెత్తు శిల్పములు కలవు. పడమటి గోడ దక్షిణభాగమున కురుక్షేత్ర సంగ్రామము, ఉత్తరభాగమున లంకలో రామరావణయుద్ధము. దక్షిణపు గోడమీద సూర్యవర్మ కొలువు, సేనల ఊరేగింపు, దాని తరువాత యముని ధర్మసభయు, స్వర్గనరకములును. తూర్పు గోడ దక్షిణభాగమున 49 మీటర్ల పొడవున క్షీరసాగరమథనము. వీనిని చూచి "ఇది భీష్ముడు, ఇది అంపశయ్య" అని ఎవరును చెప్పకయే గుర్తింపగలవారు ఆ యింటిలో ఎవరు? తండ్రికి కొంత తెలియును. బాలికకు పాఠములలో వచ్చినంత తెలియును. మొత్తము కథ తెలిసినది నాయనమ్మకే. గోడను చదువగలిగిన ఒక్క మనిషిని ఇంటివద్ద విడిచి తక్కినవారు గోడను చూడబోవుట వింత కాదా? అందుచేత ఏర్పాటు అంతయు నాయనమ్మ కాళ్లనుబట్టి చేయవలెను. అట్లు చేసినది ఎనిమిదేండ్ల బాలునకు కూడ సరిపోవును.

మొదట కాలనిర్ణయము. మన పిల్లలకు దీర్ఘమైన సెలవులు వేసవిలో వచ్చును. కాని ఏప్రిల్ మాసము అచ్చట కూడ సంవత్సరములో కెల్ల ఉక్క గల మాసము. మే నుండి అక్టోబరు వరకు వానలు. సెప్టెంబరు, అక్టోబరులలో మరింత ఎక్కువ. దసరా సెలవులు ఆ వానలలోనే పడును. నవంబరు నుండి పొడికాలము వచ్చును. డిసెంబరు, జనవరి మాసములు చల్లగా నుండును. కావున సంక్రాంతి సెలవులు చిన్నవైనను అనువైనవి. ఆ దినములలో జనసమ్మర్దము ఎక్కువ, వసతుల వెలయు ఎక్కువ. అయినను నాయనమ్మకు ఎండ తగులుటకంటె కొంత డబ్బు ఎక్కువగుట మేలు. వానకాలమున పోవువారికి కూడ ఒక లాభము లేకపోలేదు. అగడ్త నిండుగా నుండును, చెట్లు పచ్చగా నుండును, జనులు తక్కువగా నుందురు.

తరువాత పత్రములు. పాస్‌పోర్టు గడువు, ఆ దేశములో దిగు దినమునుండి కనీసము ఆరు మాసములైనను మిగిలియుండవలెను. ఇందు ఒక చిక్కు కలదు. మన దేశమున పెద్దల పాస్‌పోర్టు పదేండ్లు చెల్లును, చిన్నపిల్లలది అయిదేండ్లే. తండ్రి తన పాస్‌పోర్టు తీసి చూచుకొని తృప్తిపడును. బాలునిది పెట్టె అడుగున నిశ్శబ్దముగా గడువు తీరిపోవుచుండును. అందుచేత అయిదు పుస్తకములను ఒక్కసారి బల్లపై పరచి, గడువు తేదీలను బాలికచేత వ్రాయింపవలెను. భారతీయులకు కంబోడియా ప్రవేశమునకు వీసా కావలయును. దానిని ఆ ప్రభుత్వమువారి సొంత జాలస్థలముననే అడుగవలెను. అట్టిదే రూపముతో ఎక్కువ రుసుము లాగు దళారుల స్థలములు కూడ ఉన్నవి. దారిలో బ్యాంకాకులోనో సింగపూరులోనో విమానము మారవలసివచ్చినచో, రెండు విమానములకును ఒకే టిక్కెట్టు ఉండుట మంచిది. వేర్వేరుగా కొన్నచో పెట్టెలను నడుమ దింపుకొని తిరిగి ఎక్కింపవలసివచ్చును. అప్పుడు ఆ నడిమి దేశపు ప్రవేశ నియమములు కూడ మనకు అడ్డుపడును.

థాయిలాండు మీదుగా బస్సులో పోవచ్చునని పాత మార్గదర్శక గ్రంథములు చెప్పును. 2025లో ఆ రెండు దేశముల సరిహద్దున పోరాటములు జరిగి, సరిహద్దు ద్వారములు మూయబడినవి. కావున ఆ దారి తలపెట్టక, బయలుదేరుటకు ముందు మన విదేశాంగ శాఖవారి సూచనలు చదువుట అవసరము. గుడికి దగ్గరి పట్టణము సియెమ్ రీప్. దాని పాత విమానాశ్రయము ఊరి ప్రక్కనే ఉండెడిది. 2023 అక్టోబరులో తెరచిన క్రొత్త విమానాశ్రయము నలుబది కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. దిగగానే వసతికి చేరుదుమని తలచి ఆ పూటకు ఏ కార్యక్రమమును పెట్టుకొనరాదు.

టిక్కెట్ల లెక్క బాలికకు అప్పగింపదగినది. 2017 ఫిబ్రవరిలో నిర్ణయించిన వెలల ప్రకారము విదేశీయునకు ఒక దినపు టిక్కెట్టు 37 డాలర్లు, మూడు దినములది 62 డాలర్లు, ఏడు దినములది 72 డాలర్లు. పండ్రెండేండ్లు నిండని పిల్లలకు వెల లేదు. వయస్సు నిరూపించుటకు పాస్‌పోర్టు చూపవలెను. మన కుటుంబమున టిక్కెట్టు కావలసినవారు నలుగురు. ఒక్క దినమునకు 148 డాలర్లు, మూడు దినములకు 248 డాలర్లు. అనగా మరి నూరు డాలర్లకు రెండు దినములు అధికముగా లభించును. పైగా ఆ మూడు దినములు వరుసగా ఉండనక్కరలేదు. పది దినముల లోపున ఏ మూడైనను కావచ్చును. నడుమ ఒకనాడు నాయనమ్మ విశ్రమించినను టిక్కెట్టు వ్యర్థము కాదు. ప్రతి టిక్కెట్టు సొమ్మునుండియు రెండు డాలర్లు ఆ దేశపు పిల్లల ఆసుపత్రికి చెందును. టిక్కెట్టుపై ఎవరి ఫోటో వారిది ఉండును గనుక ఇతరుల టిక్కెట్టు పనికిరాదు. అచ్చట రియెల్ అను స్వదేశనాణెము ఉన్నను డాలర్లు చెల్లును. కాని చిరిగిన నోటును ఎవరును తీసికొనరు.

ఇప్పుడు నడక లెక్క చూడుడు. అగడ్త దాటుటకు 190 మీటర్లు. ముఖద్వారము దాటిన పిదప గుడి వరకు రాతిబాట సుమారు 350 మీటర్లు. పోవుట, వచ్చుట కలిసి వెయ్యి మీటర్లకు పైన. శిల్పములున్న చుట్టుమండపము 215 మీటర్ల పొడవు, 187 మీటర్ల వెడల్పు; దానిని ఒకసారి చుట్టినచో 804 మీటర్లు. మొత్తము రమారమి రెండు కిలోమీటర్లు. రాతిబాటకు నీడ లేదు. ఒక్క దినమున దీనిని ముగింపవలెనన్న నాయనమ్మకే కాదు, బాలునకును విసుగు పుట్టును. విసిగిన బాలుడు ఏ శిల్పమును చూడడు, ఇతరులను చూడనీయడు.

అందుచేత సూర్యుని అనుసరించి పనిని రెండుగా పంచుకొనవలెను. హిందూదేవాలయములు సామాన్యముగా తూర్పుముఖముగా నుండును. ఈ గుడి పడమటిముఖముగా నున్నది. ఉదయమున ముఖద్వారము నుండి చూచినచో సూర్యుడు గోపురముల వెనుక ఉదయించును. గోపురములు నల్లని నీడలుగా మాత్రమే కనబడును. ఆ దృశ్యము కొరకే జనులు చీకటితో వచ్చి ముందున్న కొలనుల వద్ద గుమిగూడుదురు. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతములందు సూర్యుడు సరిగా నడిమి గోపురముపై నుండి ఉదయించును. ఆ సొగసును కాదనలేము. కాని కంబోడియా గడియారము మనకంటె గంటన్నర ముందుండును. అచ్చటి అయిదు గంటలు మన శరీరమునకు తెల్లవారుజామున మూడున్నర. వచ్చిన మరునాడే పిల్లవానిని ఆ వేళకు లేపుట క్రూరమని నా అభిప్రాయము.

కావున మొదటినాటి మధ్యాహ్నము మూడు గంటలు దాటిన పిదప పడమటి ద్వారమున ప్రవేశింపవలెను. అప్పుడు ఎండ ఆలయ ముఖముపై పడి రాయి బంగారువన్నెగా మెరయును. ముఖద్వారపు గోపురమున, కుడిప్రక్కన, ఎనిమిది చేతుల విష్ణువిగ్రహము కలదు. ఆ దేశీయులు నేటికిని దానికి పూలు, ధూపము సమర్పింతురు. నాయనమ్మ అచ్చట నమస్కరించి కొంచెముసేపు నిలుచును, ఎవరును తొందరపెట్టరాదు. పిదప పడమటి మండపమునకు చేరి కురుక్షేత్రమును, లంకాయుద్ధమును మాత్రము చూచి మరలిపోవలెను. కురుక్షేత్రమున ఎడమనుండి కౌరవులు, కుడినుండి పాండవులు బారులు తీరి వత్తురు. చివరల రెండు సేనలును క్రమముగా నడచుచుండును. నడిమికి వచ్చుకొలది వరుస చెదరి, గుఱ్ఱములు, రథములు, మనుష్యులు కలగాపులగమగును. లంకాయుద్ధమున రాముడు హనుమంతుని భుజములపై నిలిచి బాణము వేయుచుండును. బాలునకు ఇదొక్కటి చాలును.

రెండవనాటి ఉదయమున తూర్పువైపు నుండి రావలెను. జనులందరు పడమట కొలనులవద్ద నుందురు గనుక ఇచ్చట సందడి తక్కువ. ఉదయపు వెలుగు తూర్పు మండపములోనికి వచ్చును. క్షీరసాగరమథనము ఈ గోడమీదనే యున్నది. ఎడమప్రక్క తొంబదికి పైగా అసురులు, కుడిప్రక్క ఎనుబదికి పైగా దేవతలు వాసుకిని పట్టి లాగుచుందురు. నడుమ విష్ణువు, ఆయన క్రింద కూర్మము. పైన అప్సరసలు నురుగునుండి లేచినట్లు ఎగురుచుందురు. అడుగున చేపలు, మొసళ్లు మథనపు వడికి నడిమికి తెగిపోవుచుండును. పోతన భాగవతము అష్టమస్కంధమున ఈ కథ కలదు. యాత్రకు నెలముందు నుండియు నాయనమ్మ రాత్రివేళ ఈ కథ పిల్లలకు చెప్పినచో, వారు గోడవద్ద దానిని పోల్చుకొందురు. తేడాలు కూడ పట్టుకొందురు. దేవతల వరుస చివర వాసుకి తోకను పట్టిన పెద్ద వానరవీరుడు ఎవరు? మన కథలో ఆయన లేడే! శిల్పి ఎందులకు చేర్చెను? ఇట్టి ప్రశ్న ఒకటి పుట్టినచో పిల్లలు ఆ గోడను వదలరు.

ఇందు నాయనమ్మకు ఒక సందేహము రావచ్చును. శిల్పములను కథాక్రమమున చూడవలెనన్న గుడిని ఎడమచేతి ప్రక్క నుంచుకొని నడువవలెను. అది మన ప్రదక్షిణమునకు వ్యతిరిక్తము. ఈ అప్రదక్షిణ క్రమమును, పడమటి ముఖమును చూచియే కొందరు పండితులు ఇది రాజు మరణానంతరము ఆయన స్మృత్యర్థము కూడ ఉద్దేశింపబడినదని తలచుచున్నారు. ఇది మందిరము కాదు, కథల గోడ అని చెప్పి ఆమెను ఒప్పింపవచ్చును. ఒప్పుకొనకున్నచో ప్రదక్షిణముగానే నడువనీయుడు. కథలు విడివిడిగానే యున్నవి, పోవునదేమియు లేదు.

నడిమి గోపురముల అంతస్తునకు ఎక్కు మెట్లు నిచ్చెన వలె నిటారుగా నుండును. రాతిమెట్లపై ఇప్పుడు కొయ్యమెట్లు, పట్టుకొనుటకు కమ్మీలు ఏర్పరచిరి. భుజములును మోకాళ్లును కప్పు బట్టలు లేనివారిని ఎక్కనీయరు. పండ్రెండేండ్లు నిండని పిల్లలను కూడ ఎక్కనీయరు. కావున తమ్ముడు ఎక్కజాలడు, నాయనమ్మ ఎక్కలేదు. తల్లియు బాలికయు ముందు ఎక్కి దిగిన పిదప తండ్రి ఎక్కవలెను. అంతవరకు ఆయన క్రింద నీడలో వారితో నుండును. ఈ మాట ఇంటివద్దనే బాలునకు చెప్పియుంచనిచో మెట్లక్రింద ఏడుపు తప్పదు. బౌద్ధుల పుణ్యదినములలో ఆ అంతస్తును మూసివేయుదురు. అవి పూర్ణిమ, అమావాస్య, అష్టముల ప్రాంతమున వచ్చును. తిథులు చూచుటకు నాయనమ్మ పంచాంగము చాలును. ప్రయాణపు తేదీలను ఆమెయే చూచి గుర్తుపెట్టవచ్చును.

మధ్యాహ్నపు టెండలో ఏ గుడికిని పోక వసతిలో నిదురించుట మంచిది. అచ్చటి వంటలలో పులియబెట్టిన చేప విరివిగా వాడుదురు గనుక శాకాహారులు ముందుగా అడిగి తెలిసికొనవలెను. సియెమ్ రీప్‌లో భారతీయ భోజనశాలలు ఉన్నవి. తిరుగుటకు టుక్‌టుక్ అను బండి దొరకును. అది మోటారుసైకిలు లాగెడి నలుగురి బండి. కోతులకు ఏమియు పెట్టరాదు, అవి కరచును. అచ్చట వస్తువులు అమ్మవచ్చు చిన్నపిల్లలవద్ద కొనుట దయ అనిపించును గాని, అమ్మకము సాగిన కొలది ఆ పిల్లలు బడికి పోకుందురు. శిల్పములను చేతితో తాకరాదు. లక్షల చేతులు తాకి కొన్ని శిల్పములు ఇప్పటికే నల్లబడి నునుపెక్కినవి. దూరపు గుడులకు పోవువారు త్రోవ విడిచి పొదలలోనికి పోరాదు. గత శతాబ్దపు యుద్ధములలో పాతిన మందుపాతరలు ఆ దేశపు గ్రామసీమలలో ఇంకను పూర్తిగా తీయబడలేదు.

ఆ యుద్ధకాలమున గుడి దిక్కులేక పడియుండెను. అట్టి కష్టదినములలో, 1986 నుండి 1993 వరకు, మన భారత పురావస్తు శాఖవారు పోయి అంగ్‌కోర్ వాట్ మరమ్మతులు చేసిరి. తరువాత తా ప్రోమ్ అను ఆలయమును బాగుచేయు పనికి కూడ పూనుకొనిరి. అచ్చట మహావృక్షముల వేళ్లు గోడలను కౌగిలించుకొని యున్నవి. చెట్టును నరికిన గోడ కూలును, నరుకకున్న గోడ బ్రద్దలగును. రెండింటిని నిలుపుట ఎంత కష్టమో చూచినగాని తెలియదు. మూడవనాటి ఉదయమునకు ఇది తగిన స్థలము. నడక తక్కువ, నీడ ఎక్కువ.

తండ్రి వ్రాసికొన్న పది ఆలయములలో ఏడింటిని ఇట్లు కొట్టివేయవలసివచ్చును. మిగిలిన రెండవది తా ప్రోమ్. మూడవది రాతిముఖముల గోపురములు గల బాయన్, అది దారిలోనిదే. మూడవనాటి సాయంకాలమునకు మాత్రము కాగితముపై ఏమియు వ్రాయక ఖాళీగా ఉంచవలెను. అగడ్త గట్టున చెట్లక్రింద ఆ ఊరివారు చాపలు పరచుకొని, పిల్లలతో కూర్చుండి ఫలహారములు చేయుచుందురు. ఆ పూట ఎక్కడికి పోవలెనో నాయనమ్మ చెప్పును.